పెరట్లో సాంబారు ఉల్లి: డెబ్భై రోజుల మడి

"సిస్టరమ్మా, చిన్న ఉల్లిపాయలు రోజూ తింటే రక్తం పడుతుందంట కదా! ఇక ఈ బిళ్ళలు మానేయొచ్చా?"

గత అక్టోబరులో మన ఆసుపత్రి ఓపీలో ఒక తల్లి మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది. ఆమెకు హిమోగ్లోబిన్ 8.2 గ్రాములు ఉంది. గర్భవతి కాని స్త్రీకి కనీసం 12 ఉండాలి. బావి నుండి రెండు బిందెలు తెచ్చేసరికి ఆయాసం, సాయంత్రానికి కాళ్ళు లాగడం, ఏ పని మీదా మనసు లేకపోవడం ఆమె చెప్పిన బాధలు. డాక్టరు గారు ఇనుము బిళ్ళలు, నులిపురుగుల మందు రాసిచ్చారు. బిళ్ళ వేసుకుంటే వికారంగా ఉంటోందని, విరేచనం నల్లగా వస్తోందని ఆమె భయపడింది. అంతలో ప్రక్కింటివారు ఉల్లి సంగతి చెప్పారు.

ఆమెకు మేము చెప్పిన జవాబులో రెండు భాగాలున్నాయి. బిళ్ళలు మానవద్దు అన్నది మొదటిది. ఉల్లి మాత్రం తప్పక నాటండి అన్నది రెండవది. చాలా కుటుంబాలకు పనికివస్తుందని ఆ రెండూ ఇక్కడ వివరంగా వ్రాస్తున్నాము.

ఉల్లి, రక్తం: నిజమెంత?

ఆడవారికి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన పట్టికలో ఉంది. నూరు గ్రాముల చిన్న ఉల్లిపాయల్లో ఉండే ఇనుము ఒక మిల్లీగ్రాముకు కాస్త అటూ ఇటూ. అంటే కిలో ఉల్లి తిన్నా సగం అవసరం కూడా తీరదు. అందులోనూ మన ఒంటికి పట్టేది కొంతే. కాబట్టి రక్తం తక్కువైనవారు ఉల్లిని నమ్ముకొని బిళ్ళలు మానేస్తే నష్టపోతారు.

అయితే ప్రక్కింటివారి మాట పూర్తిగా వట్టిది కాదు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థవారు 2010లో ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. అన్నం, పప్పుల వంటి ధాన్యాలతో ఉల్లి, వెల్లుల్లి కలిపి ప్రయోగశాలలో పరీక్షిస్తే, ఆ ధాన్యాల్లోని ఇనుము, జింకు మరింత తేలికగా ఒంటికి అందే రూపంలోకి వచ్చాయని వారు గమనించారు. కాబట్టి ఉల్లి వేసిన పప్పు, ఉల్లికాడలు వేసిన తోటకూర మంచి వంటలే. ఉల్లి రక్తాన్ని తయారు చేయదు. పప్పులోని, ఆకుకూరలోని ఇనుము మనకు అందడానికి సాయం చేయగలదు. నిమ్మరసం పిండుకుంటే ఆ సాయం ఇంకా పెరుగుతుంది.

బిళ్ళల విషయం కూడా చెబుతాము. విరేచనం నల్లబడడం ఇనుము వల్లనే, దానికి భయం లేదు. వికారంగా ఉంటే భోజనం తరువాత, పడుకోబోయే ముందు వేసుకోండి. టీ, కాఫీ, పాలతో కలిపి మాత్రం వేసుకోకండి. ముందూ వెనుకా కనీసం గంట ఎడం ఉండాలి.

పేరులో తికమక

ఏ ఉల్లి గురించి మాట్లాడుతున్నామో తేల్చుకుందాము. గుంటూరు, కృష్ణా ప్రాంతాల్లో చిన్నుల్లిపాయ అంటే వెల్లుల్లి. రాయలసీమలో ఎర్రగడ్డ అంటే మామూలు పెద్ద ఉల్లి. తెలంగాణలో ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ అంటారు. మేము చెబుతున్నది సాంబారులో పాయలకు పాయలే వేసే చిన్న ఎర్ర ఉల్లి. నాటిన ఒక్క పాయ భూమిలోనే విడిపోయి నాలుగు నుండి ఎనిమిది పాయల గుత్తి అవుతుంది. తమిళనాడులో దిండిగల్, పెరంబలూరు ప్రాంతాల్లో దీనిని విస్తారంగా పండిస్తారు. కోయంబత్తూరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయం 'కో' అనే పేరుతో కొన్ని రకాలు విడుదల చేసింది. వాటిలో కో-5 రకం గింజలతో కూడా వస్తుంది. పెరటికి గింజ అక్కరలేదు. పాయలు నాటడమే సులువు.

ఆంగ్లంలో దీనిని శాలట్ అంటారు. ఆ మాట అష్కెలోను పట్టణం పేరు నుండి వచ్చింది. బైబిలు చదివేవారికి ఆ పేరు క్రొత్త కాదు, ఫిలిష్తీయుల పట్టణాల్లో అది ఒకటి. ఐగుప్తులో తిన్న ఉల్లిపాయలను అరణ్యంలో ఇశ్రాయేలీయులు తలచుకొని వాపోయిన సంగతి సంఖ్యాకాండము 11వ అధ్యాయంలో ఉంది. ఉల్లి లేని కూడు చప్పగా ఉంటుందన్నది ఎంత పాత మాటో చూడండి.

మడి ఎలా చేయాలి?

ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న స్థలం చాలు. రోజుకు ఆరు గంటలు ఎండ పడాలి. గోడ నీడలో, చెట్టు క్రింద కాడ పెరుగుతుంది గానీ పాయ ఊరదు.

ఉల్లికి నీరు కావాలి, కాని నీరు నిలవకూడదు. అందుకే మడిని చుట్టూ నేల కంటే జానెడు ఎత్తు చేయండి. నల్లరేగడి నేలైతే ఇసుక, మాగిన ఎరువు కలిపి గుల్ల చేయాలి. పై మడికి రెండు తట్టల మాగిన పశువుల ఎరువు, రెండు దోసిళ్ళ వేపపిండి సరిపోతాయి. పచ్చి పేడ వేయకండి. అది వేర్లను కుళ్ళబెడుతుంది. పచ్చిగా తినే పంటకు రోగక్రిములను కూడా తెస్తుంది.

మన వైపు అక్టోబరు చివర నుండి నవంబరులో, పెద్ద వానలు తగ్గాక నాటడం మేలు. కూరగాయల బజారులో కొన్న పాయలే నాటవచ్చు. గట్టిగా, పొట్టు మెరుస్తూ, మొన దగ్గర చిన్న మొలక కనిపించేవి ఏరుకోండి. మెత్తబడినవి, నల్ల బూజు పట్టినవి వద్దు. అప్పుడే తీసిన క్రొత్త పాయలు కూడా వద్దు, అవి నెలా రెండు నెలలు విశ్రాంతి తీసుకొని గాని మొలవవు.

సాలుకూ సాలుకూ మధ్య అర అడుగు, సాలులో పాయకూ పాయకూ మధ్య నాలుగు అంగుళాలు ఉంచండి. ఈ లెక్కన ఆరు సాళ్ళలో నూట ఎనిమిది పాయలు పడతాయి. అర కిలో కంటే కాస్త ఎక్కువ కావచ్చు. వేరు వైపు క్రిందికి పెట్టి, మొన నేల మట్టానికి ఉండేలా నాటండి. లోతుగా పూడ్చితే కుళ్ళుతుంది.

నాటిన రోజు తడి ఇవ్వండి, మూడవ రోజు మళ్ళీ ఇవ్వండి. తరువాత నాలుగైదు రోజులకు ఒకసారి, వ్రేలు పెట్టి చూసి మట్టి పొడిగా ఉంటేనే ఇవ్వండి. వారంలో మొలకలు వస్తాయి. కలుపును చేత్తోనే తీయండి. ఉల్లి వేర్లు పైపైనే ఉంటాయి గనుక గట్టిగా త్రవ్వకూడదు. కూరకు కాడలు కోసుకోవచ్చు గానీ మొక్కకు ఒకటి రెండుకు మించి కోయకండి. పాయ ఊరేది ఆ ఆకు బలంతోనే.

ఈ పని చేసేవారి ఆరోగ్యం గురించి ఒక మాట. చెప్పులు లేకుండా తడి మట్టిలో నిలబడితే కొంకి పురుగులు పాదాల గుండా ఒంటిలోకి ప్రవేశిస్తాయి. పేగుల్లో చేరి రక్తం త్రాగేవి అవే. రక్తం కోసం ఉల్లి వేసి, చెప్పుల్లేక రక్తం పోగొట్టుకోవడం ఎంత అన్యాయం! మధుమేహం వల్ల గానీ, కుష్ఠు వల్ల గానీ చేతులకు, కాళ్ళకు స్పర్శ తగ్గినవారు బూట్లు, చేతి తొడుగులు వేసుకొని పని చేయండి. పని ముగిశాక అరికాళ్ళు, వ్రేళ్ళ సందులు కళ్ళారా చూసుకోండి. గాయమైతే సబ్బు నీటితో కడిగి, ధనుర్వాతం సూది కోసం ఆసుపత్రికి రండి. నడుము నొప్పి ఉన్నవారు వంగకుండా పీట వేసుకొని కూర్చుంటే సరిపోతుంది.

పురుగు పట్టినప్పుడు

ఆ తల్లి డిసెంబరులో మళ్ళీ పరీక్షకు వచ్చింది. హిమోగ్లోబిన్ 9.6కు పెరిగింది. మొహంలో కళ వచ్చింది గానీ ఆమె దిగులు వేరే ఉంది.

"ఆకుల మీద తెల్లగా గీతలు పడ్డాయమ్మా. మా ఆయన పత్తికి కొట్టగా మిగిలిన మందు ఉంది, అది కొడతానంటున్నాడు. నేను మీరు చెప్పేదాకా ఆగమన్నాను."

ఆమె ఆగినందుకు మేము ఎంత సంతోషించామో చెప్పలేము. పత్తికి అనుమతించిన మందు ఉల్లికి పనికిరాదు. మడిలోని కాడలు ఇవాళ కోసి ఇవాళే తింటాము. పత్తిని ఎవరూ తినరు. మోనోక్రోటోఫాస్ అనే మందును కూరగాయల మీద వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. అన్నిటికంటే ముఖ్యంగా, పెరటి మడి పేరుతో విషం సీసా ఇంట్లోకి, వంటగది దగ్గరికి వస్తుంది. మిగిలిన కాస్త మందును కూల్ డ్రింక్ సీసాలో పోసి గూట్లో పెడతారు. అది షర్బతు అనుకొని త్రాగిన పిల్లలను మా అత్యవసర గదిలో చూశాము. ఒక్క క్షణం కోపంలో ఆ గూటి వైపు చేయి చాచిన పెద్దలను కూడా చూశాము. చేతికందే దూరంలో సీసా లేకపోతే ఆ క్షణం దాటిపోయి ఉండేది. ఆరడుగుల మడి కోసం ఏ ఇంటికీ ఆ ప్రమాదం వద్దు.

తెల్ల గీతలు తామర పురుగుల పని. కంటికి ఆనీ ఆననంత చిన్నవి, ఆకు మడతల్లో దాగి రసం పీలుస్తాయి. ముందు రెండు మూడు రోజులు ఉదయం పూట నీటిని ధారగా ఆకుల మొదళ్ళకు కొట్టండి. చాలావరకు రాలిపోతాయి. తగ్గకపోతే లీటరు నీటికి ఒక టీస్పూను వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి సాయంత్రం చల్లండి. వారానికి మరొకసారి చల్లితే చాలు. కాడలు కడిగే తినండి.

ఆకు మీద మధ్యలో ఊదా రంగున్న మచ్చలు వస్తే అది ఊదా మచ్చ తెగులు. ఆ ఆకులను త్రుంచి మడికి దూరంగా కాల్చేయండి. సాయంత్రం పూట ఆకుల మీద నీరు పోయడం మానండి. మొక్క పసుపు పచ్చబడి లాగితే ఊడి వస్తూ, అడుగు కుళ్ళి ఉంటే దానిని మట్టితో సహా తీసివేయండి. వచ్చేసారి ఆ మడిలో ఉల్లి, వెల్లుల్లి వేయకుండా గోంగూరో, చిక్కుడో వేయండి.

పొరపాటున మందు లోపలికి పోతే

పొలం ఉన్న ఇళ్ళలో మందులు తప్పవు గనుక ఇది అందరికీ తెలిసి ఉండాలి. నోటి వెంట చొంగ, విపరీతమైన చెమట, కంటిపాప సూది మొనంత కావడం, కండరాలు అదరడం, ఆయాసం విషం లక్షణాలు. అలాంటప్పుడు వెంటనే 108కి ఫోను చేయండి. తడిసిన బట్టలు తీసివేసి ఒంటిని సబ్బు నీటితో కడగండి. కడిగేవారు చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కోవాలి. మనిషిని ఎడమ ప్రక్కకు త్రిప్పి పడుకోబెట్టండి. ఉప్పు నీరు, చింతపండు రసం త్రాగించి వాంతి చేయించకండి. ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. మందు సీసాను, దాని మీది కాగితంతో సహా మీ వెంట తీసుకురండి. ఏ విషమో తెలిస్తే విరుగుడు త్వరగా ఇవ్వగలము.

కోత: తొందర పడకండి

మన ఆసుపత్రి వంటగది వెనుక మేము మొదటిసారి ఉల్లి వేసినప్పుడు కోత రోజు వరకు ఆప్యాయంగా నీరు పోశాము. పాయలు బొద్దుగా వచ్చాయి. కడిగి, కవర్లో పోసి, వంటగదిలో పెట్టాము. మూడు వారాలకే వంటగది అంతా వాసన! సగానికి పైగా కుళ్ళాయి. తప్పు విత్తనానిది కాదు, నేలదీ కాదు. చివరి పది రోజుల్లో మేము చేసిన పనిది.

నాటిన 65 నుండి 75 రోజులకు ఆకులు పసుపు రంగుకు తిరిగి, మెడ మెత్తబడి, వాటంతట అవే వాలిపోతాయి. వాలడం మొదలవగానే నీరు ఆపేయండి. వారం పది రోజులు మడి ఎండనివ్వండి. ఆకులు చేత్తో త్రొక్కి వంచకండి. సగానికి పైగా వాలాక, వాన లేని రోజు చూసి, ప్రక్క నుండి చిన్న పార గుచ్చి మట్టి వదులు చేసి గుత్తిని పైకెత్తండి. కాడ పట్టుకొని గుంజితే మెడ చిరుగుతుంది. చిరిగిన చోటే కుళ్ళు మొదలవుతుంది.

తీసిన గుత్తులను కడగకండి. మట్టి దులిపి, ఒక గుత్తి పాయలను మరొక గుత్తి ఆకులు కప్పేలా ఒక రోజు మడి మీదే పరచండి. తరువాత గాలి వచ్చే వసారాలో, నీడలో, వారం రోజులు ఆరనివ్వండి. మెడ పూర్తిగా ఎండి, పొట్టు గలగలలాడితే ఆరినట్టు. అప్పుడు అంగుళం మెడ ఉంచి ఆకు కోసేయండి. లేదా ఆకులతోనే జడలుగా అల్లి దూలానికి వ్రేలాడదీయండి. వెదురు బుట్ట, వల సంచి మంచివి. ప్లాస్టిక్ కవరు వద్దు. మెడ లావుగా ఉన్నవి, దెబ్బ తగిలినవి ముందు వండుకోండి. పది రోజులకు ఒకసారి బుట్ట తిరగవేసి మెత్తబడినవి తీసివేయండి.

చెప్పినట్టు చేస్తే ఈ మడిలో రెండు నుండి మూడు కిలోలు రావచ్చు. వంటగదిలోకి పోకముందే ముప్పావు కిలో మంచి పాయలు విత్తనానికి ప్రక్కన పెట్టండి. కొన్ని ఎండిపోతాయి గనుక నాటేదాని కంటే ఎక్కువే దాచాలి. ఇవి ఐదారు నెలలకు మించి ఆగవు. అందుకే జూన్ తొలకరి తరువాత బాగా ఎత్తు చేసిన వేరే మడిలో వీటిని నాటి, ఆ పంటను మళ్ళీ నవంబరుకు విత్తనంగా వాడుకోండి. ఒకసారి కొంటే ఇక కొనే పని ఉండదు.

ఉల్లితో చేయకూడనివి

మూర్ఛ వచ్చిన మనిషి ముక్కు దగ్గర ఉల్లి పెట్టడం, చేతిలో తాళాలు పెట్టడం మన ఊళ్ళలో ఇంకా చూస్తున్నాము. దానివల్ల మూర్ఛ ఆగదు. నోట్లో ఉల్లిరసం పిండితే ఊపిరాడక ప్రమాదం. మనిషిని ప్రక్కకు త్రిప్పి, తల క్రింద మెత్తని గుడ్డ పెట్టి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోను చేయండి.

కంటిలో ఉల్లిరసం పోయకండి. పాము కుట్టినచోట, కాలిన పుండు మీద ఉల్లి రుద్దకండి. ఆరు నెలల లోపు బిడ్డకు దగ్గు అని ఉల్లిరసం పట్టకండి, ఆ వయసుకు తల్లిపాలు తప్ప మరేమీ వద్దు. రక్తపోటు ఉన్నవారు ఉల్లి తినవచ్చు గానీ ఉల్లి ఊరగాయలోని ఉప్పు చూసుకోవాలి. రోజు మొత్తానికి ఉప్పు ఒక టీస్పూను, అంటే 5 గ్రాములు దాటకూడదు. గుండెల్లో మంట ఉన్నవారు పచ్చి ఉల్లి తగ్గించి, ఉడికినది తినండి.

మూడవసారి

జనవరి చివరలో ఆ తల్లి మూడవసారి వచ్చింది. చేతి సంచిలో ఒక ఉల్లి జడ ఉంది. "రెండున్నర కిలోలు వచ్చాయి, ఇది మీ వంటగదికి" అని బల్ల మీద పెట్టింది. ఆ రోజు హిమోగ్లోబిన్ 10.8.

"చూశారా, నా ఉల్లి రక్తం పట్టించింది" అని నవ్వింది.

"మరి బిళ్ళలో?" అన్నాము.

"ఒక్క రోజు కూడా మానలేదమ్మా. ఉల్లి పప్పన్నం తినగానే టీ మానేసి బిళ్ళ వేసుకున్నా."

12 దాటిన తరువాత కూడా మూడు నెలలు బిళ్ళలు వాడాలని, అప్పుడే ఒంట్లో నిల్వ నిండుతుందని చెప్పి పంపాము. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, ఆ పత్తి మందు సంగతి చెప్పింది. భర్త దానిని ఇంట్లోంచి తీసి, పొలం దగ్గరి కొట్టంలో పెట్టెలో పెట్టి తాళం వేశాడట. తాళం చెవి తన మొలత్రాడుకు కట్టుకున్నాడట.